జానెడు చెట్టు

యాడ పెట్టాల దీన్ని?
కడప వన్ టౌన్‌లో తొంభై చెప్పి
అరవైకిచ్చినాడు.
సంచిలో కొత్తిమీర కట్ట పక్కన పండుకోని
ఎర్రగుంట్ల దాకా బస్సులో వచ్చింది
ప్లాస్టిక్ చెట్టు, జానెడు.
ముక్కు దగ్గర పెట్టుకుంటే
ఇంకా కొత్తిమీర వాసనే.

ఒంటి అర్ర ఇల్లు మాది.
టీవీ మీద పెడదామంటే
ఇప్పటి టీవీలకు నెత్తి యాడుంది?
గోడకంటుకున్న పలక గదా అది.
ఫ్రిజ్ మీద పెట్నా.
కరెంటు బిల్లులు, ఆసుపత్రి చీటీలు, గ్యాస్ బుక్కు,
వాటి నడుమ చెట్టు కూడా
కట్టాల్సిన ఇంకో బాకీ మాదిరి నిలబడింది.

కుట్టుమిషను మీద రెండు రోజులుండె.
మాబున్నీ జాకెట్టు కుడతాంటే
చక్రం తిరిగినప్పుడల్లా
చెట్టు గజగజ వణికేది.
మధ్యాహ్నం ఫ్యాను ఆపలేని ఊర్లో
చలి దీనికొక్కదానికే పుట్టిందని
నేనూ కెజియా పడిపడి నవ్వినాం.
జాకెట్టుకు మిగిలిన చమ్కీలన్నీ
ఆ రోజే ఎక్కినాయి కొమ్మలకు.
కొనకు మాత్రం
స్కూలు చొక్కా ఊడిన గుండీ.

పాలిష్ ఫ్యాక్టరీ నుంచి ఆశీర్వాదం
మూల విరిగిన బండముక్క తెచ్చినాడు.
మన కడప నల్లబండే.
పగలంతా ఊరోళ్ల మెట్లు రుద్దేది చాలదన్నట్టు
మూడు రాత్రుళ్లు ఇంటికాడ రుద్దినాడు,
చివరికి నూనె పూసి తుడిచినాడు.
దాని మీద నిలబెడితే
చెట్టు కింద ఇంకో చెట్టు,
నల్లటి నీళ్లలో తలకిందులుగా.
"అరవైకి రెండొచ్చినాయి గదమే" అన్నాడు.

మంచు కావాలన్నది పాప.
పుస్తకంలో బొమ్మకు ఉండాదంట.
మా చిన్నమ్మ సంతోషమ్మ
జమ్మలమడుగు పక్క చేలల్లో పత్తి తీసి వస్తా వస్తా
కొంగున నాలుగు కాయలు కట్టుకొచ్చింది.
వాటితో పనే పడలేదు.
తెల్లారి చూస్తే కొమ్మకొమ్మా తెల్లగుంది.
కిటికీ అవతల బండలు కోసే మిషన్లు
రాత్రంతా కురిసినాయి.
యాపాకు మీద, బర్రె వీపు మీద,
ఆరేసిన చీర మడతల్లో, అన్నిట్లో అదే.
తడిగుడ్డతో తుడిచినా.
సాయంత్రానికి మళ్లీ.
నాలుగోనాడు గుడ్డ పక్కనేసి
మంచంటే ఇదేలే అనుకున్నా.

కెజియా అనుకోలే.
రాత్రుళ్లు వాళ్ల నాయన
గోడ దిక్కు తిరిగి
దుప్పటి నోట్లో కుక్కుకోని దగ్గుతాడు.
మాకు వినపడదనుకుంటాడు.
ఏడేండ్ల పిల్ల.
దానికి పాము చెవులు.

ఆదివారం గుడి విడిచినాక
పెద్దమ్మలతో మాటల్లో పడి
నేను ఇంటికొచ్చేసరికి
బండ మీద ఒక చెట్టూ లేదు, రెండోదీ లేదు.
నిమ్మకాయ ఊరగాయ సీసా
బోరింగు కాడ తోమి, ఎండబెట్టి
చెట్టును లోపలికి దించింది.
రెండు చేతుల్తో మూత బిగిస్తాంది.
"ఇంగ దుమ్ము పోదు మా.
దీనికి దగ్గు రాదు."

గాజు వెనక చెట్టు
కాస్త పెద్దదైనట్టు కనపడె.
వాసన మాత్రం నిమ్మకాయది.

రాత్రి షిఫ్టు దిగి వచ్చినాడాయన,
కనురెప్పలతో సహా తెల్లగా.
పాప చెప్పిందంతా నిలబడే విన్నాడు.
సీసా ఎత్తి అటూ ఇటూ తిప్పినాడు.
ఎంతసేపు తిప్పినాడో.
అప్పుడు మేకొకటి, సుత్తి ఒకటి తీసుకోని
గడప మీద కూర్చోని
మూతకు మూడు రంధ్రాలు కొట్టినాడు.
"ఊపిరాడొద్దా పాపం దానికి."

కెజియా ఒక చూపు చూసింది.
మిషను కింద గంపలో వెతికి
పల్చటి లైనింగు గుడ్డ తెచ్చి
ఆ మూడు బొక్కల మీదా కప్పి
దారంతో గట్టిగా చుట్టింది.

మిగిలిన గుడ్డను
నాలుగు మడతలు పెట్టి
వాళ్ల నాయన క్యారేజీ సంచిలో పెట్టింది.